రంది లెక్క

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మనసు బాధకు ఉన్నన్ని పేర్లు మందుల షాపులో మాత్రలకు కూడా ఉండవేమో అనిపిస్తుంది నాకు. దిగులు, బెంగ, గుబులు తెలుగువాళ్ళందరి ఉమ్మడి ఆస్తి. వాటికి తోడు ఈ వైపు రంది ఉంది, బుగులు ఉంది, మనాది ఉంది. ఉర్దూ పుణ్యమా అని ఫికరూ, పరేషానూ వచ్చి చేరాయి. అన్నీ ఒకటేనా అంటే కాదు. చీకటి పడ్డాక ఒంటరిగా చెరువు కట్ట మీద నడవాలంటే పుట్టేది బుగులు. పెళ్ళీడుకొచ్చిన పిల్లను చూసినప్పుడల్లా తల్లి గుండెలో కదిలేది రంది. ఆ రందే నెలల తరబడి తిష్ఠ వేసి, తిండి సయించనివ్వక, నిద్ర పట్టనివ్వక మనిషిని లోపల్నుంచి తొలిచేస్తే అది మనాది. మనోవ్యాధి అన్న మాటే జనం నోళ్ళలో అరిగి అరిగి ఇలా అయింది కాబోలు.

ఇన్ని మాటలున్న చోట ఆ బాధ చెప్పుకునే చోట్లు కూడా ఉండి తీరాలి కదా! ఉండేవి. తెల్లవారుజామున ఇసుర్రాయి ముందు కూర్చున్న కోడలు అత్త మీది కోపాన్నీ పుట్టింటి మీది మమకారాన్నీ పాటలో కలిపి జొన్నలతో బాటు విసిరేసేది. జాన్‌పహాడ్ దర్గాకు మతంతో పని లేకుండా మొక్కులు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇక ఎరుకలసాని సంగతి చెప్పనే అక్కర్లేదు. బుట్ట దించి, చెయ్యి పట్టుకుని, దేవతలందర్నీ పేరుపేరునా పిలిచి, "నీ మనసుల ఒక గుబులున్నది బిడ్డా" అని మొదలుపెడితే కళ్ళు తుడుచుకోని ఆడదెవరు? ఆపైన ఆవిడ చెప్పేది తక్కువ, ఈవిడ చెప్పుకునేది ఎక్కువ. సోది అన్న మాటకు పనికిమాలిన కబుర్లు అన్న అర్థం తరవాత ఎవరు అంటగట్టారో తెలియదు గాని, మగవాళ్ళే అయి ఉంటారని నా అనుమానం.

ఇసుర్రాయి పోయి మిక్సీ వచ్చింది. సోదెమ్మ ఎప్పుడో గాని కనబడదు. ఆవిడ చోటులోకి ఇప్పుడు కౌన్సెలర్ వచ్చింది. కాని ఈ కౌన్సెలింగ్ అన్న మాట మన దగ్గర ఎంత చెడ్డ సావాసాలు పట్టిందో చూడండి! కౌన్సెలింగ్ అనగానే మనకు మొదట గుర్తొచ్చేది ఇంజనీరింగు సీటు. ఆ తరవాత గుర్తొచ్చేది పోలీసు స్టేషను. తాగి బండి నడిపిన కుర్రాణ్ణీ, పెళ్ళాన్ని కొట్టిన మొగుణ్ణీ పిలిచి కూర్చోబెట్టి "కౌన్సెలింగ్ ఇచ్చి పంపాం" అని పేపర్లో వేస్తారు. అంటే నాలుగు చీవాట్లు పెట్టారన్నమాట. ఇంటికి వచ్చే పెద్దమనుషుల కౌన్సెలింగ్ మరొకటుంది. దాని సారాంశం ఒక్కటే మాట: సర్దుకుపో. మొగుడు తాగితే సర్దుకుపో, అత్త తిడితే సర్దుకుపో, సర్దుకుని సర్దుకుని నువ్వే ఒక మూలకు పో.

నేను చెప్పబోయే కౌన్సెలింగ్ ఈ మూడూ కాదు. దాని పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. నోరు తిరగనివాళ్ళు సీబీటీ అంటారు. పొడిగా చెప్పాలంటే, మన ఆలోచననూ మన నడవడినీ పక్కపక్కన పెట్టి లెక్క సరిచూసుకోవడం. సర్దుకుపో అని చెప్పేవాడికి లెక్కతో పని లేదు. లెక్క చూడమనే మనిషి ముందుగా సర్దుకుపో అనలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియాలంటే ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త చూడాలి.

రెండు వేల ఏళ్ళ నాడు రోమ్‌లో ఎపిక్టీటస్ అని ఒక బానిస ఉండేవాడు. కుంటివాడు. పుట్టింది ఇప్పటి టర్కీ దేశంలో. స్వేచ్ఛ దొరికాక తత్వం బోధించడం మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు, శిష్యుడు రాసిపెట్టినదే మనకు మిగిలింది. జరిగిన సంగతి ఒకటి, దానికి మనం ఇచ్చుకునే అర్థం మరొకటి, మనిషిని పీడించేది ఎక్కువగా ఈ రెండోదే అన్నది ఆయన మాటల సారం. తరవాతి తరంలో సాక్షాత్తూ రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ ఈ బానిస మాటలనే మననం చేసుకుంటూ తనకోసం తాను నోట్సు రాసుకున్నాడు. వినడానికి బాగానే ఉంది. కాని నాకు ఇక్కడొక సందేహం. బానిసకు ఓర్పు వస్తే లాభం ఎవరికి? యజమానికే కదా! ఈ సందేహాన్ని కాస్త పక్కన పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

అక్కణ్ణుంచి ఒక్క గెంతుతో ఇరవయ్యో శతాబ్దపు అమెరికాకు రావాలి. ఈ వైద్యంలో సగం నడవడికి సంబంధించింది. ఆ సగానికి అమ్మ అనిపించుకున్న ఆవిడ పేరు మేరీ కవర్ జోన్స్. 1924లో ఆవిడ పీటర్ అనే పసివాడి కథ రాసింది. వాడికింకా మూడేళ్ళు నిండలేదు. కుందేలంటే హడలిపోయేవాడు. ఆవిడ ఏం చేసిందనుకున్నారు? వాణ్ణి కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు ఉన్న బోనును ముందు గది ఆ మూలన, తరవాత కాస్త దగ్గరగా, ఆ తరవాత ఇంకాస్త దగ్గరగా తెచ్చింది. చివరికి పీటర్ కుందేలును ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇందులో ఏముంది, మేం పిల్లలకు చందమామను చూపిస్తూ కాకరకాయ కూర తినిపించడం లేదా అంటారు మీరు. నిజమే. కాకపోతే ఆవిడ దాన్ని పూస గుచ్చినట్టు రాసిపెట్టింది, మనం రాసిపెట్టలేదు. దక్షిణాఫ్రికా డాక్టరు జోసెఫ్ వోల్పే ఆ పద్ధతినే 1950లలో పెద్దవాళ్ళ భయాలకు వాడాడు. ఆవిణ్ణి ఈ వైద్యానికి తల్లి అన్నదీ ఆయనే.

రెండో సగం ఆలోచనది. న్యూయార్కులో ఆల్బర్ట్ ఎల్లిస్ అని ఒక మహానుభావుడు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆడవాళ్ళతో మాట్లాడాలంటే వణికిపోయేవాడట. ఒక నెలపాటు తోటలో బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళను వరసపెట్టి పలకరించాడు. వందమందితో మాట్లాడితే ఒక్కతె మాత్రం మళ్ళీ కలుస్తానంది, ఆవిడా రాలేదు. కాని ఎవరూ కొట్టలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు, సిగ్గు మాత్రం పోయింది. పనీపాటా లేకుండా పార్కుల్లో మన ఆడపిల్లలను పలకరించమని మగపిల్లలకు ఈ కథ చెప్పకండి మరి! ఆ ఎల్లిసే 1955 ప్రాంతంలో, మన గుడ్డి నమ్మకాలను వాదించి ఓడించడమే వైద్యం అంటూ కొత్త పద్ధతి మొదలుపెట్టాడు.

అసలు కథానాయకుడు ఆరన్ బెక్. 1921లో పుట్టి, నూరేళ్ళూ నిండుగా బతికి 2021 నవంబరులో పోయాడు. ఫిలడెల్ఫియాలో డాక్టరు. ఫ్రాయిడ్ సంప్రదాయంలో చదువుకున్నవాడు. ఆ సంప్రదాయంలో రోగి సోఫా మీద పడుకుని మనసుకు తోచింది చెబుతుంటే డాక్టరు వెనక కూర్చుని లోతైన అర్థాలు తీస్తాడు. దిగులు పడే మనిషి లోపల ఎవరిమీదో కసి ఉండి అది తనమీదకే తిరిగిందని ఆ శాస్త్రం. దాన్ని నిరూపిద్దామని బెక్ రోగుల కలలను పోగుచేశాడు. కసి కనబడలేదు. ఓడిపోవడం, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకపోవడం, ఇవే కనబడ్డాయి. నిరూపించబోయింది నిరూపణ కాకపోతే మామూలు మనుషులు లెక్కలు సర్దేస్తారు. ఆయన శాస్త్రాన్నే అనుమానించాడు.

ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఒకావిడ సోఫా మీద పడుకుని తన ప్రేమ వ్యవహారాలు చెబుతూ కంగారు పడుతోంది. డాక్టరుగారు శాస్త్రప్రకారం, ఈ విషయాలు చెప్పడం వల్లే ఈవిడకు కంగారు అనుకున్నాడు. తీరా అడిగితే ఆవిడ అసలు భయం వేరు: నా మాటలు ఈయనకు విసుగు పుట్టిస్తున్నాయేమో! పైకి ఒక కథ నడుస్తూంటే అడుగున ఇంకొక సన్నని మాట నడుస్తోందన్నమాట, నేను బాగోలేను, నేను ఎవరికీ నచ్చను అని. ఇలాంటి మాటలు పిలవకుండానే, క్షణంలో మెరుపులా వచ్చి పోతాయి. మనం వాటిని మాటలనుకోం, నిజాలనుకుంటాం. బెక్ వాటిని పట్టుకున్నాడు. 1960లలో మొదలైన ఆయన పని 1979లో దిగులు వైద్యం మీద పెద్ద పుస్తకంగా వచ్చింది.

నవలలు రాసుకుని బతికేదాన్ని గనక ఒక మాట ఒప్పుకోవాలి. మా కథానాయికలు ఉత్తరం రాకపోతే ఆయన నన్ను మరిచిపోయాడని కుమిలి మూడు వందల పేజీలు ఏడుస్తారు. ఒక్కతైనా, పోస్టు ఆలస్యమైందేమో కనుక్కుందాం అనుకుంటే ముప్పయ్యో పేజీలో నవల అయిపోయేది. పబ్లిషర్లు బెక్‌ను చదవకపోవడం మా అదృష్టం.

సరే, కౌన్సెలర్ దగ్గర జరిగేదేమిటి? మిర్యాలగూడలో ఒక ఇల్లాలు అనుకుందాం. పేరు పెట్టను, పేరు పెడితే నవలవుతుంది. భర్త రైసుమిల్లులో గుమాస్తా. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అత్తగారికి మోకాళ్ళు. నెలనెలా చిట్టీ కట్టాలి. ఇవన్నీ ఉన్నవే. ఒకరోజు పెళ్ళిలో ఆడపడుచు ఎదురుగా వచ్చి పలకరించకుండా వెళ్ళిపోయింది. అంతే, ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. కౌన్సెలర్ చిన్నపిల్ల, ముప్పయ్యేళ్ళుంటాయేమో. ధైర్యంగా ఉండండి అనదు, అంతా మంచికే అనదు. ఒక కాగితం తీసి గీతలు గీస్తుంది.

"మీరు కళ్ళతో చూసిందేమిటక్కా?"

"పలకరించలే. మొఖం తిప్పుకొని పోయింది."

"ముఖం తిప్పుకోవడం చూశారా, అటు నడిచి వెళ్ళడం చూశారా?"

"...నడిచి పోయింది."

"అప్పుడు మనసులో ఏమొచ్చింది?"

"బాకీ తీర్చలేదని కోపం పట్టింది అనుకున్న. ఇగ నా బిడ్డ పెళ్ళికి వాళ్ళెవ్వరూ రారు. నలుగుట్ల పరువు పోతది. నేను దేనికీ పనికిరాను."

చూశారా! ఒక మనిషి ఇటు నుంచి అటు నడిచింది. నాలుగు గెంతుల్లో మనం పనికిరానివాళ్ళమయ్యాం. కాగితం మీద మొదటి గడిలో జరిగింది, రెండో గడిలో అనుకున్నది, మూడో గడిలో బాధ నూటికి ఎంత. తొంభై అంటుందామె. ఆ తరవాతి గడులు అసలైనవి. ఈ అనుకున్నదానికి సాక్ష్యం ఏముంది? వ్యతిరేక సాక్ష్యం ఏముంది? బాకీ ఉన్నమాట నిజం. కాని పోయిన నెల అదే ఆడపడుచు అత్తగారి మోకాళ్ళకు నూనె పంపింది. ఆ పెళ్ళిలో ఆవిడ వంటవాళ్ళ కోసం పరుగులు పెడుతోంది. మరి ఏది నిజం? కౌన్సెలర్ తీర్పు చెప్పదు. "తెలుసుకోవడం ఎలా?" అని అడుగుతుంది. వచ్చే వారానికి అదే హోంవర్కు: ఒక ఫోను చెయ్యడం.

ఫోను చేస్తే ఆవిడ నిజంగానే కోపంగా ఉండవచ్చు. ఇది మరిచిపోకండి. ఈ పద్ధతి మంచిగా ఆలోచించమని చెప్పదు, సరిగ్గా ఆలోచించమంటుంది. కోపం నిజమైతే, బాకీ ఎలా తీర్చాలి, ఎన్ని వాయిదాల్లో, ఎవరు మాట్లాడాలి అన్నది తరవాతి కాగితం. తొంభై నలభైకి దిగుతుంది. సున్నాకు దిగదు. దిగనవసరం లేదు కూడా, చిట్టీ కట్టవలసే ఉంది కదా!

ఇంకొక కాగితం నడవడిది. మనాది పట్టిన మనిషి ముందుగా మానేసేది పనులు కాదు, పనులు ఎట్లాగూ చెయ్యక తప్పదు. తనకు ఇష్టమైనవి మానేస్తుంది. సాయంత్రం పూలు కట్టడం, పక్కింటి గడప మీద పది నిమిషాలు కూర్చోవడం, పాట వినడం. మనసు బాగుపడ్డాక చేద్దాంలే అనుకుంటుంది. చేస్తేనే మనసు బాగుపడుతుంది అంటుంది ఈ శాస్త్రం. రోజుకొకటి, చిన్నదే అయినా సరే, గంట వేసుకుని చెయ్యడం, చేశాక ఎలా ఉందో రాసుకోవడం. సాధారణంగా ఆరు నుంచి ఇరవై సార్లు కలుసుకోవడంతో పని అయిపోతుంది. ఆ కాగితాలు మాత్రం ఇల్లాలితోనే ఉండిపోతాయి. సోదెమ్మ మళ్ళీ రావాలి, మొక్కు మళ్ళీ తీర్చాలి. ఈ లెక్క ఒకసారి వస్తే తనంతట తానే వేసుకోవచ్చు. చాకలిపద్దు, పాలపద్దు, చిట్టీపద్దు రాసే ఆడదానికి ఇదేమంత కొత్త విద్య కాదు. అయితే మతి పూర్తిగా చలించినప్పుడు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు కాగితంతో కూర్చోకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మందు కావలసిన చోట మందే.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టిన సందేహం తీద్దాం. ఇదంతా ఆడపడుచు పలకరించని బాధకు బాగానే ఉంది. మరి మర్రిగూడ మాటేమిటి?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పేరు చెబితే వంగిన నడుములు, వంకర కాళ్ళు కళ్ళముందు కదులుతాయి. నీళ్ళలోని ఫ్లోరైడు చేసిన పని అది. మన దేశంలో ఈ జబ్బును మొదటిసారి 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటిన నీళ్ళను తరతరాలుగా తాగిన ఊళ్ళవి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందిస్తే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరొచ్చింది. ప్రపంచంలో మా జిల్లా పేరు ఒక జబ్బు నీళ్ళ వల్ల తెలిసింది చూడండి! 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి ఆ తరవాత మిషన్ భగీరథ కింద నదుల నీళ్ళు తెచ్చారు. కాని అప్పటికే వంగిన నడుము నీళ్ళు మారితే నిటారు కాదు.

అలాంటి ఇంటి తల్లి దగ్గరికి వెళ్ళి, అమ్మా, బాధ నీ ఆలోచనలో ఉంది అంటే అంతకంటే పాపం ఉంటుందా? పాలమూరు కూలి జనం సంగతీ అంతే. ఊళ్ళో వాన లేక, మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, ముసలివాళ్ళ దగ్గర పసిపిల్లలను వదిలి, ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టిన ఆడవాళ్ళ రంది ఆలోచన దోషమా? బానిసకు ఓర్పు నేర్పే తత్వంగా మారిందంటే సీబీటీ కూడా సర్దుకుపోకు ఇంగ్లీషు పేరే అవుతుంది. కొందరు అట్లా వాడుతున్నారు కూడా. ఉద్యోగుల చేత రోజుకు పన్నెండు గంటలు పని చేయించి, చివర్న ఒత్తిడి తగ్గించుకునే క్లాసు పెట్టే ఆఫీసులు హైదరాబాదులో తక్కువేం కాదు.

కాని మర్రిగూడ కథలోనే దీనికి జవాబు కూడా ఉందనిపిస్తుంది నాకు. వంకర కాళ్ళ బిడ్డను చూసి పూర్వజన్మ పాపం అనుకున్న తల్లి ఆలోచన, నీళ్ళను సీసాలో పట్టి పరీక్షకు పంపగానే ఏమైంది? తప్పు తనది కాదు, బావిది. కాళ్ళు బాగుపడలేదు నిజమే, కాని ఏడ్చే చోట అడిగే హక్కు వచ్చింది. నీళ్ళు కావాలని ఆ ఊళ్ళ జనం ఏళ్ళ తరబడి రోడ్డెక్కారు. కాగితం మీద గడులు గీసే కౌన్సెలర్ చేసేదీ ఇదే పని, నీళ్ళలో ఉన్నదెంత, మనం మన మీద వేసుకున్నదెంత అని విడదియ్యడం. మొగుడు కొడుతూంటే, నా వంట బాగోలేదు గనక కొట్టాడన్న మాటకు సాక్ష్యం అడిగితే చాలు, ఆ మాట నిలబడదు. నిలబడనిది ఆ మాటే, దెబ్బ మాత్రం నిజం. దానికి కావలసింది లెక్క కాగితం కాదు, 2005 నాటి గృహహింస చట్టం, 181 నంబరు, పుట్టింటి తలుపు. ఆ తేడా తెలియని కౌన్సెలర్ దగ్గర్నుంచి లేచి రావడమే మంచిది.

పేదరాళ్ళకు ఇలాంటివి పనికొస్తాయా అన్న ప్రశ్నకు జవాబు మన పొరుగు నుంచే వచ్చింది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో డాక్టర్ ఆతిఫ్ రహమాన్, ఆయన తోటివాళ్ళు బాలింతల దిగులు మీద ఒక ప్రయోగం చేశారు. చేసింది డాక్టర్లు కాదు, మన ఆశా అక్కల వంటి లేడీ హెల్త్ వర్కర్లు. పదో తరగతి దాటిన మామూలు ఆడవాళ్ళు. తల్లికి పిచ్చి అనలేదు, దిగులు జబ్బు అని కూడా అనలేదు. బిడ్డ బాగుండాలి, బిడ్డ కోసం తల్లి బాగుండాలి అంటూ ఇంటికి వెళ్ళారు. అలా అంటే అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది మరి! రాయడం రాని తల్లులకు బొమ్మలు చూపించారు, ఇలా అనుకుంటే ఇలా, అలా అనుకుంటే అలా అని. సుమారు తొమ్మిది వందల మంది తల్లులు. 2008లో లాన్సెట్ పత్రికలో లెక్క వచ్చింది. ఆరు నెలలకు మామూలు పలకరింపులు మాత్రమే అందినవాళ్ళలో నూటికి 53 మంది ఇంకా దిగులులోనే ఉన్నారు. ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో 23 మందే. ఆ తల్లుల అప్పులు తీరలేదు, మొగుళ్ళు మారలేదు. అయినా సగానికి పైగా తేడా! గోవాలో విక్రమ్ పటేల్ బృందం కూడా డాక్టర్లు కానివాళ్ళ చేత, నడవడి కాగితాన్నే ఆరు నుంచి ఎనిమిది కలయికల్లో నేర్పించి, 2017లో మంచి ఫలితం చూపించింది.

నాకు మరీ నచ్చింది జింబాబ్వే అమ్మమ్మల కథ. హరారేలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు, బస్సు కిరాయి లేక ఆసుపత్రికి రాలేకపోయిన తన రోగి ప్రాణం తీసుకున్నాక, రోగులు రాలేకపోతే మనమే పోవాలనుకున్నాడు. డబ్బు లేదు, గది లేదు. దొరికింది 14 మంది అమ్మమ్మలు. 2006లో దవాఖానా బయట చెట్టు కింద బెంచీ వేసి వాళ్ళను కూర్చోబెట్టాడు. వాళ్ళు చేసింది సీబీటీకి చెల్లెలి వంటిది. కష్టాలన్నీ చెప్పించి, అందులో ఒక్కదాన్ని పట్టుకుని దాన్ని ఎలా విప్పాలో కలిసి ఆలోచించడం. వాళ్ళు డిప్రెషన్ అన్న మాట వాడలేదు. వాళ్ళ షోనా భాషలో కుఫుంగిసిసా అని ఒక మాటుంది, అతిగా ఆలోచించడమని అర్థం. అది వాడారు. మన మనాదికి అక్కచెల్లెలు కాదూ!

మన దగ్గర ఏముంది? నిజాం రోజుల్లో పిచ్చాసుపత్రి ఎక్కడో మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. 1953లో హైదరాబాదుకు, ఎర్రగడ్డకు వచ్చింది. దాంతో ఎర్రగడ్డ అన్న ఊరి పేరే తిట్టయి కూర్చుంది. పల్లెల్లోకి మనోవైద్యం పోవాలని 1982లో దేశానికొక కార్యక్రమం రాసుకున్నారు. 1980లలోనే పక్కనున్న బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ వాళ్ళు చేసి చూపించారు. 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. 2017 చట్టం మనసు వైద్యం మన హక్కు అంది, ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడిగా చూడొద్దంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో సర్కారీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. 2022 అక్టోబరు 10 నుంచి టెలిమానస్ ఉంది, 14416కు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు.

ఉన్నవి కాదనను. కాని ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంది? ఇల్లాలు తలుపేసుకుని అరగంట మాట్లాడితే ఎవరితో అని అడగనివాళ్ళు ఎందరు? రావల్పిండి వాళ్ళు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకున్నది ఊరికే కాదు. రెండో చిక్కు భాషది. మన ప్రశ్నాపత్రాల్లో కుంగుబాటు, ఆందోళన, ప్రతికూల ఆలోచన అని అచ్చుతెలుగూ అచ్చుసంస్కృతమూ కలిపి రాస్తారు. నారాయణపేట బస్టాండులో నిలబడి కుంగుబాటు ఉందా అమ్మా అని అడిగి చూడండి, గోడ కుంగిందేమో అనుకుంటారు. రంది ఏమన్నా పెట్టుకున్నవా అవ్వా అంటే పక్కన కూర్చోమంటారు. నూటికి ఎంత అన్న లెక్క కూడా అంతే. ఎనభై దాటిన అవ్వకు నూటికి తొంభై అంటే తెలియకపోవచ్చు. రూపాయికి ఎన్ని అణాల రంది అని అడగండి. "పద్నాలుగణాలు బిడ్డా" అని ఠక్కున చెబుతుంది. తరవాత కాసేపు ఆలోచించి, అందులో రెండణాలు పెద్దకోడలు చెయ్యబట్టి అని పద్దు కూడా విడదీస్తుంది.